గాజూ కంచూ కలిసే చోట: పాతకాలపు రష్యన్ క్రిస్టల్ జాడీలను గుర్తుపట్టడం ఎలా

ఐరోపా వేలంపాటల జాబితాల్లో తరచుగా కనబడే వర్ణన ఒకటి ఉంది: 19వ శతాబ్దపు రష్యన్ కట్ క్రిస్టల్ పూలజాడీ, బంగారు మలాము, అంటే పూత, వేసిన కంచు అమరికలతో (పట్టీలు, పిడుల వంటివి). చదివేటప్పుడు ఇది ఒకే వస్తువు పేరులా అనిపిస్తుంది గాని, ఇందులో నాలుగు వేర్వేరు వాదనలు ఇమిడి ఉన్నాయి. వస్తువు ఆ శతాబ్దానిదేనని ఒకటి, అది రష్యాలోనే తయారైందని రెండోది, దాని గాజు మామూలు గాజు కాదు క్రిస్టల్ అని మూడోది, లోహం కంచేననీ దానిమీది బంగారం నిజమైన మలామేననీ నాలుగోది. వీటిలో ఒకటి నిజమైనంత మాత్రాన మిగిలిన మూడూ నిజం కానక్కర్లేదు. నిజమైన పాత గాజుకు నిన్నమొన్నటి కంచు తొడిగి ఉండవచ్చు. గాజూ కంచూ రెండూ పాతవే అయినా రెండూ పారిస్‌వి కావచ్చు.

చిక్కంతా ఎక్కడ మొదలవుతుందంటే, ఇలాంటి జాడీ ఒక పనివాడి చేతిలో పుట్టిన వస్తువు కాదు. గాజు ఒక కొలిమిలో పుట్టింది, కంచు వేరే చోట పోతపోశారు, నమూనా మూడో మనిషి గీశాడు. వీళ్లందరి పనీ చివరికి ఒక్క చోట కలుస్తుంది: గాజు అంచుమీద లోహపు పట్టీ కూర్చునే ఆ సన్నని అతుకు దగ్గర. అమ్మేవారు చూపించేది జాడీ ముఖాన్ని, మెరుపును, పిడుల మీది హంసలనూ రెక్కల సింహాలనూ. అడగవలసిన ప్రశ్నలకు సమాధానాలు మాత్రం ఎక్కువగా ఆ అతుకులోనూ, దాని వెనకవైపునా దాగి ఉంటాయి.

ముందు క్రిస్టల్ అనే మాట సంగతి చూద్దాం. దాన్ని తెలుగులో స్ఫటికం అనేస్తే అర్థం తలకిందులవుతుంది. స్ఫటికం భూమిలో దొరికే రాయి, అందులో అణువులు ఒక క్రమంలో పేర్చి ఉంటాయి. గాజులో ఆ క్రమమే ఉండదు. గాజును స్ఫటికమంత స్వచ్ఛంగా చేయాలని ఐరోపా కొలిమివాళ్లు తరతరాలుగా పడిన తాపత్రయమే దానికి పేరుగా మిగిలిపోయింది. 1670లలో లండన్‌లో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ సీసం కలిపిన గాజుతో ఆ తాపత్రయానికి ఒక దారి చూపించాడు. ఇసుక, పొటాషు, మనం సిందూరమని పిలిచే ఎర్రటి సీసపు ఆక్సైడు, ఈ మూడింటినీ కలిపి కరిగిస్తే వచ్చే గాజు మామూలు సోడా గాజు కన్నా నెమ్మదిగా గట్టిపడుతుంది, చల్లారాక సానకు మెత్తగా లొంగుతుంది, కాంతిని ఎక్కువగా వంచుతుంది, చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. మామూలు గాజు సాంద్రత 2.5 దగ్గర ఉంటే, సీసం ఆక్సైడు 30 శాతం దాటిన గాజు సాంద్రత 3కు తగ్గదు. సీసపు క్రిస్టల్ అని పిలవడానికి కనీసం 24 శాతం ఆక్సైడు ఉండాలన్న నియమం ఐరోపాలో 1969లో వచ్చింది. అది నేటి వ్యాపారానికి పెట్టిన గీత. 1810లో పీటర్స్‌బర్గ్ కొలిమి ముందు నిలబడ్డవాడికి అలాంటి గీత ఏదీ లేదు. కాబట్టి పాత జాడీని ఆ శాతంతో కొలిచి ఇది క్రిస్టల్ కాదు అని తేల్చడం కూడా పొరపాటే.

సీసపు గాజు అసలు అందం కొలిమిలో రాదు, సానలో వస్తుంది. వజ్రాన్ని పలకలు తీర్చినట్టే దీన్నీ తీర్చుతారు. తిరిగే ఇనుప చక్రం మీద తడి ఇసుక ధారగా పడుతుండగా గాజును ఆనించి ముందు లోతైన కోతలు పెడతారు. తరువాత ఇసుకరాతి చక్రం ఆ గరుకును నున్నగా చేస్తుంది. చివరికి మెత్తని చెక్క చక్రం మీద మెత్తటి పొడులతో మెరుగు పెడతారు. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, కోసేవాడు జాడీని చక్రానికి పైనుంచి ఆనిస్తాడు, అంటే తాను కోస్తున్న చోటును నేరుగా కాకుండా గాజు లోపలినుంచే చూస్తాడు. పెద్ద జాడీ అయితే ఆ బరువంతా రెండు చేతుల మీద మోస్తూ, కళ్లతో కన్నా వేళ్లతో కొలుస్తూ, వందలకొద్దీ పలకలను ఒకదానికొకటి మూలకు మూల కలిసేలా దించాలి. అందుకే చేతి పనిలో అక్కడక్కడా ఒక కోత తన హద్దు దాటి పక్క పలకలోకి వెంట్రుకంత దూసుకుపోయి కనబడుతుంది. ఆ తప్పు పాతదనానికి చిన్న సాక్ష్యం. అచ్చులో పోసిన చవకరకం గాజులో పలకల అంచులు కొద్దిగా గుండ్రంగా, వేలికి మెత్తగా తగులుతాయి. అచ్చు అతికిన గీత కూడా వెతికితే దొరుకుతుంది. తరువాతి కాలంలో చెక్క చక్రం బదులు ఆమ్లంలో ముంచి మెరుగు పెట్టే పద్ధతి వచ్చాక, అంచుల పదును కొంత కరిగిపోయి, పలకల మీద సన్నని అలల వంటి తళుకు మిగలడం మొదలైంది. చేత్తో మెరుగుపెట్టిన అంచు వేలికి కోసుకునేంత పదునుగా ఉంటుంది. హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియంలో ఐరోపా గాజుసామాను ముందు కాసేపు నిలబడి ఈ అంచులను పరిశీలించడం, ఎన్ని వ్యాసాలు చదివినా రాని అనుభవాన్ని ఇస్తుంది. అది రష్యన్ గాజు కానవసరం లేదు, కంటికి అలవాటు కావడమే ముఖ్యం.

రష్యాలో ఈ పలకల పనిని వజ్రపు అంచు అనే అర్థమిచ్చే మాటతో, అల్మాజ్నయా గ్రాన్ అని పిలుస్తారు. ఎక్కువ ఖాళీ వదలకుండా, ఒంటినిండా లోతైన కోతలతో, దీపం వెలుగును ముక్కలుముక్కలుగా చేసి వెదజల్లే తీరు అది. ఈ అభిరుచి అక్కడ ఇంగ్లండు, ఐర్లండు కట్ గ్లాసును చూసి మొదలైంది. 1807లో నెపోలియన్‌తో కుదిరిన టిల్సిట్ సంధి తరువాత రష్యా కొంతకాలం ఇంగ్లండుతో వర్తకం మానుకోవలసి రావడం, దేశంలోని కొలిములకు కలిసివచ్చిన అంశాల్లో ఒకటి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. గాజు ఇంత అందంగా ఉన్నప్పుడు దానికి కంచు ఎందుకు? ఆడంబరానికి అని వెంటనే సమాధానం వస్తుంది. అది సగం నిజమే. మిగతా సగం కొలిమి పరిమితి. ఊదుడు గొట్టం చివర ఒక మనిషి మోయగలిగిన, తిప్పగలిగిన, ఊదగలిగిన కరిగిన గాజు బరువుకు ఒక హద్దు ఉంది. పైగా లోతుగా కోత పెట్టాలంటే గోడ మందంగా ఉండాలి, మందం పెరిగినకొద్దీ గాజును చల్లార్చడం గండం. బయట త్వరగా, లోపల ఆలస్యంగా చల్లారితే గాజులో దాగిన బిగువు నెలల తరువాత అయినా, సాన చక్రం తగిలిన క్షణాన అయినా దాన్ని పగలగొడుతుంది. అందువల్ల మనిషి నడుమెత్తు జాడీని ఒకే గాజుగా చేయడం సాధ్యమయ్యే పని కాదు. గిన్నెలాంటి పైభాగం, మెడ, బొడ్డు, కాడ, పీట ఇలా వేర్వేరు ముక్కలుగా ఊది, వేర్వేరుగా సానబట్టి, తరువాత ఒకదానిమీద ఒకటి పేర్చాలి. గాజుకు గాజును టంకం పెట్టి అతికించలేం. కాబట్టి మధ్యలో నిలువునా ఒక లోహపు ఊచ దూర్చి, అడుగున మరతో, అంటే స్క్రూతో, బిగిస్తారు. ముక్కకూ ముక్కకూ మధ్య మిగిలే వికారమైన సందును కప్పడానికి కంచు పట్టీ వస్తుంది. బయటినుంచి చూస్తే ఆకుల దండలా, ముత్యాల వరుసలా కనబడే ఆ పట్టీ నిజానికి ముసుగు. ఎక్కడ పట్టీ ఉందో అక్కడ ఒక గాజు ముగిసి మరొకటి మొదలవుతోందని చాలాసార్లు అనుకోవచ్చు. నా మట్టుకు నాకు ఈ జాడీల్లో అన్నిటికన్నా గొప్ప విషయం ఇదే: లోపాన్ని దాచే చోటునే అలంకారంగా మార్చారు, అది ఎంత బాగా కుదిరిందంటే రెండు వందల ఏళ్ల తరువాత కూడా చూసేవారికి కంచు అవసరం గుర్తురాదు, వైభవమే గుర్తొస్తుంది.

అయితే లోహమూ గాజూ ఒకచోట కాపురం చేయడం అంత సులువు కాదు. వేడికి కంచు, ఇత్తడి వంటి లోహాలు గాజు కన్నా దాదాపు రెండింతలు సాగుతాయి, చలికి అంతే ఎక్కువగా ముడుచుకుంటాయి. పీటర్స్‌బర్గ్ శీతకాలంలో పొయ్యి ఆరిపోయిన గదిలో ఉష్ణోగ్రత పడిపోయినప్పుడు, గాజు మెడ చుట్టూ ఉన్న కంచు కట్టు గాజు కన్నా ఎక్కువ ముడుచుకుని దాన్ని నొక్కుతుంది. ఇరవై సెంటీమీటర్ల కట్టుకు నలభై డిగ్రీల మార్పులో ఈ తేడా మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. కానీ గాజు వంగేది కాదు, ఆ మాత్రం చాలు. అందుకే తెలివైన పనివాడు కట్టును బిగుతుగా తొడగడు. కాస్త సందు వదిలి, ఆ సందులో తోలు, బెండు, సున్నపు ముద్ద వంటి మెత్తని దాన్ని నింపుతాడు. పాత జాడీ విప్పినప్పుడు ఈ నింపుడు పదార్థం ఎండి, పొడిపొడిగా, రంగు మారి కనబడాలి. దాని స్థానంలో తెల్లగా మెరిసే కొత్త జిగురు ఉంటే, ఆ జాడీని ఇటీవల ఎవరో విప్పి మళ్లీ కట్టారని అర్థం. మరమ్మతు కోసం విప్పి ఉండవచ్చు, పాత గాజుకు కొత్త లోహాన్ని జతచేయడానికీ విప్పి ఉండవచ్చు.

ఇక కంచు. పేరుకు కంచు అంటారు గాని, మన ఇళ్లలో కంచు గిన్నెకూ ఇత్తడి బిందెకూ తేడా తెలిసినవారికి ఈ మాట అంత సరిగా అతకదు. కంచంటే రాగిలో తగరం, ఇత్తడంటే రాగిలో జింకు. ఐరోపాలో బంగారు మలాము వేసే అమరికలకు వాడిన లోహంలో చాలావరకు జింకు పాలు ఎక్కువ. రసాయనం లెక్కలో అది ఇత్తడికి దగ్గర. అందువల్ల పరీక్షలో జింకు దొరికింది కాబట్టి ఇది నకిలీ అనడం కూడా తొందరపాటే. అసలు నకిలీ వేరే ఉంది: 19వ శతాబ్దం రెండో సగంలో చవకగా జింకునే పోతపోసి పైన పూత పూసిన అమరికలు. వాటిమీద గీత పడితే లోపల పసుపు కాక బూడిదరంగు తెలుపు బయటపడుతుంది.

మలాము పద్ధతి వినడానికి రసవాదంలా ఉంటుంది. బంగారాన్ని పాదరసంలో కరిగిస్తే వెన్నలాంటి ముద్ద వస్తుంది. నత్రికామ్లంలో కరిగించిన పాదరసంతో లోహపు ఉపరితలాన్ని ముందు సిద్ధం చేసి, ఆ ముద్దను కుంచెతో పులిమి, నిప్పుల మీద కాస్తారు. పాదరసం 357 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరైపోతుంది, బంగారం లోహాన్ని అంటిపెట్టుకుని మిగులుతుంది. తరువాత కొన్ని భాగాలను అగేట్ అనే గట్టి రాతి మొనతో రుద్ది అద్దంలా చేస్తారు, కొన్నింటిని మెరుపులేని మసకలో వదిలేస్తారు. ఆకుల మీద మసక, ఈనెల మీద మెరుపు, ఈ రెండింటి పొందికే మంచి మలాముకు గుర్తు. ఆ పనివాళ్ల సంగతి మాత్రం అందంగా లేదు. పాదరసపు ఆవిరి పీల్చినవారి చేతులు వణకడం, పళ్లు రాలడం, మతి తప్పడం ఆ వృత్తికి అంటుకున్న శాపం. పీటర్స్‌బర్గ్‌లో సెయింట్ ఐజాక్ కెథెడ్రల్ గుమ్మటానికి ఇదే పద్ధతిలో బంగారం వేసినప్పుడు 60 మంది దాకా పనివారు చనిపోయారని చెబుతారు.

ఆ ప్రమాదాన్ని తప్పించిన విద్య కూడా అదే నగరంలో పుట్టడం విశేషం. 1838లో మోరిట్జ్ యాకోబీ విద్యుత్తుతో లోహపు పొరను పేర్చే పద్ధతిని పీటర్స్‌బర్గ్‌లో ప్రకటించాడు. 1840లో ఇంగ్లండులో ఎల్కింగ్టన్ వారు విద్యుత్తుతో బంగారు, వెండి పూతలకు పేటెంటు తీసుకున్నారు. కాలాన్ని తేల్చడంలో ఈ రెండు తేదీలు చాలా విలువైనవి. పాదరసపు మలాములో బంగారం ఖర్చు తగ్గించడానికి పనివాడు కనబడే వైపే శ్రద్ధగా పులుముతాడు. వెనకవైపు లోహం పచ్చిగానో, అంచులనుంచి జారిన బంగారు మరకలతోనో మిగిలిపోతుంది. విద్యుత్తు తొట్టిలో ముంచిన ముక్కకు ముందూ వెనకా అన్న భేదం తెలియదు; దాదాపు అంతటా పలచని, ఒకేరకం పసుపు పరుచుకుంటుంది. కాబట్టి 1815 నాటిదని చెబుతున్న జాడీ పట్టీ వెనకభాగం ముందుభాగం లాగే సమంగా మెరుస్తుంటే, ఒకటి ఆ తేదీ తప్పు, లేదా ఆ పట్టీకి తరువాత మళ్లీ పూత వేశారు. ఇందులో ఏదైనా ధర మీద ప్రభావం చూపించేదే. ఇందుకు విరుద్ధంగా, పాదరసపు మలాము ఉన్నంత మాత్రాన జాడీ 1840కి ముందుదని చెప్పడానికి వీల్లేదు. మంచి పనికి ఆ పద్ధతిని తరువాత కూడా చాలాకాలం వాడారు. ఒకవైపు మాత్రమే పనిచేసే సాక్ష్యం ఇది.

ఎవరు చేశారన్న ప్రశ్నకు వస్తే, రష్యాలో మూడు పేర్లు ముఖ్యం. మొదటిది పీటర్స్‌బర్గ్‌లోని సామ్రాజ్య గాజు కర్మాగారం. రాణి కేథరిన్‌కు సన్నిహితుడైన పొటెమ్‌కిన్ నడిపిన కొలిమి అది. 1791లో అతను చనిపోయాక 1792లో ఖజానా పరమైంది, 1890లో సామ్రాజ్య పింగాణీ కర్మాగారంలో విలీనమైంది. రాజప్రాసాదాల పెద్ద జాడీల పని ఎక్కువగా ఇక్కడిదే. రెండోది పెన్జా ప్రాంతంలోని నికోల్‌స్కోయే గ్రామంలో 1764లో అలెక్సీ బఖ్‌మేతెవ్ స్థాపించిన కొలిమి. మూడోది మాల్త్సొవ్ కుటుంబం. అకీమ్ మాల్త్సొవ్ 1756లో గూస్ నది ఒడ్డున పెట్టిన కొలిమి చుట్టూ పెరిగిన ఊరికి గూస్-ఖ్రుస్తాల్నీ, అంటే క్రిస్టల్ గూస్ అనే పేరే స్థిరపడింది. గూస్ అంటే రష్యన్‌లో బాతుజాతి పక్షి. ఈ రెండు ప్రైవేటు కొలిములూ ప్రధానంగా సంపన్నుల భోజనబల్లలకు సామాను చేసేవి. కంచు అమరికల భారీ జాడీ కనబడగానే గూస్ పేరు అంటించే వ్యాపారుల మాటను కాస్త ఆచితూచి వినాలి.

గాజు కోసినవారిలో చాలామంది అర్ధబానిసలైన రైతులు, అందుకే వారి పేర్లు మిగలలేదు. బఖ్‌మేతెవ్ కొలిమిలో పనిచేసిన అలెగ్జాండర్ వెర్షీనిన్ అరుదైన మినహాయింపు. అతను రెండు పొరల గ్లాసులు చేసి, ఆ పొరల మధ్య గడ్డిపోచలు, నాచు, దారాలు, రంగు రాళ్లతో తోటలనూ మనుషులనూ అమర్చేవాడు. నమూనాలు గీసినవారి పేర్లు మాత్రం బాగానే తెలుసు. కజాన్ కెథెడ్రల్ కట్టిన ఆంద్రేయ్ వొరొనిఖిన్, ఫ్రెంచివాడైన తొమా ద తొమోన్, ఇటాలియన్ మూలాలున్న కార్లో రోస్సీ, కర్మాగారంలోనే దశాబ్దాలపాటు గీసిన ఇవాన్ ఇవనొవ్ ఇందులో ముఖ్యులు. వొరొనిఖిన్ స్వయంగా స్ట్రొగానొవ్ జమీందారీలో అర్ధబానిసగా పుట్టినవాడు. భవనాలు కట్టేవారు జాడీలు గీయడం వింత కాదు. ఆ జాడీ ఏ కిటికీ ముందు, ఏ స్తంభం పక్కన నిలబడుతుందో వారికే తెలుసు, అందుకే ఈ జాడీలు చిన్న కట్టడాల్లా ఉంటాయి. కంచు పనిలో ఫ్రెడరిక్ బెర్గెన్‌ఫెల్ట్, యొహాన్ త్సెఖ్ వంటి జర్మన్ పేర్లు, తరువాతి కాలంలో ఫెలిక్స్ షొపాన్ వంటి ఫ్రెంచి పేర్లు వినిపిస్తాయి. గీసింది ఫ్రెంచివాడు, కంచు పోసింది జర్మన్, కోసింది రష్యన్ రైతు, మోజు ఇంగ్లండుది. ఇంతమంది చేయి పడ్డ వస్తువును రష్యన్ అని ఎందుకనాలి అని అడిగితే, నిజాయితీగల సమాధానం ఒక్కటే: కొలిమి, కంచు దుకాణం, కొన్న ప్రాసాదం మూడూ అక్కడే ఉన్నాయి కాబట్టి. జాతి లక్షణం అంటూ ఏదో ఆత్మను వెతకడం అనవసరం.

క్రిస్టల్‌కు రష్యా దర్బారులో రాయబార విలువ కూడా ఉండేది. పర్షియా షా ఫత్ అలీకి కానుకగా ఇవాన్ ఇవనొవ్ నమూనాతో సామ్రాజ్య కర్మాగారం ఏకంగా ఒక క్రిస్టల్ మంచమే చేసింది. క్రిస్టల్ స్తంభాలు, నీలిగాజు మెట్లు, పక్కనుంచి పన్నీరు చిమ్మే ఊటలు ఉన్న ఆ మంచాన్ని 1826లో పంపారు. ఆ ఏడే రెండు దేశాలకూ యుద్ధం మొదలైంది. 1829లో టెహ్రాన్‌లో రష్యా రాయబారి, నాటకకర్త గ్రిబోయెదొవ్‌ను ఆయన బృందంతో సహా ఒక గుంపు చంపేసింది. ఆ దాడిలో బతికి బయటపడ్డ కార్యదర్శి ఇవాన్ మాల్త్సొవ్, గూస్ క్రిస్టల్ కొలిమి వారసుడు. షా పంపిన క్షమాపణ కానుకల్లో ఒకటైన షా వజ్రం ఇప్పుడు మాస్కో క్రెమ్లిన్‌లో ఉంది. దానిమీద చెక్కిన మూడు పేర్లలో అన్నిటికన్నా పాతది మన దక్కనులో అహ్మద్‌నగర్‌ను ఏలిన బుర్హాన్ నిజాం షాది. క్రిస్టల్ వెళ్లిన దారినే వజ్రం వచ్చింది.

రష్యన్ అన్న మాట మీద ఇంకో రెండు చిక్కులు ఉన్నాయి. ఒకటి ఫ్రాన్స్. నెపోలియన్ కాలం నుంచి పారిస్‌లో కూడా కట్ క్రిస్టల్‌కు మలాము కంచు తొడిగే దుకాణాలు వెలిగాయి. పాలే రొయాల్‌లోని క్రిస్టల్ మెట్లు అనే దుకాణం వాటిలో ప్రసిద్ధం. రష్యా ధనికులు పారిస్ సామాను విరివిగా కొన్నారు. ఆ తరువాత ఫ్రెంచి క్రిస్టల్ సంస్థ బకారా రష్యా దర్బారుకు భారీ దీపస్తంభాలు సరఫరా చేసింది. అంటే రష్యా ప్రాసాదం నుంచి వచ్చింది అన్న మాటా, రష్యాలో తయారైంది అన్న మాటా ఒకటి కావు. సామ్రాజ్య కర్మాగారపు తొలి దశ పెద్ద జాడీల మీద చాలావరకు ముద్రలు ఉండవు. బకారా ఆమ్లపు ముద్రను 1936 నుంచే వేసింది. ముద్ర లేకపోవడం ఎవరికీ సాక్ష్యం కాదు. రెండో చిక్కు అమెరికాది. న్యూయార్క్ రాష్ట్రంలోని హాక్స్ సంస్థ కోసం ఫిలిప్ మెక్‌డొనాల్డ్ 1882లో పేటెంటు పొందిన ఒక కోత నమూనాకు రష్యన్ అన్న పేరే స్థిరపడింది. వాషింగ్టన్‌లోని రష్యా రాయబార కార్యాలయం ఆ సామాను కొనుక్కోవడం దానికి కారణమంటారు. కాబట్టి రష్యన్ కట్ అని రాసి ఉన్న జాడీ అచ్చమైన అమెరికా సరుకు కావచ్చు, అమ్మేవాడు అబద్ధం ఆడకుండానే.

వేలం జాబితాల భాషలో ఇంకో నేర్పు ఉంది. రష్యన్ జాడీ అనడం ఒకటి, రష్యన్ శైలిలో జాడీ అనడం మరొకటి. ఆ ఒక్క 'లో' బరువు వేలల డాలర్లు. శైలి అనగానే బాధ్యత ఆవిరైపోతుంది, పాదరసం లాగే.

శైలిని బట్టి కాలం చెప్పడం కూడా అనుకున్నంత నమ్మకమైనది కాదు. 1837 డిసెంబరులో పీటర్స్‌బర్గ్‌లోని శీతకాల ప్రాసాదం మంటల్లో కాలిపోయాక, దాన్ని ఏడాదిన్నర లోపు తిరిగి నిలబెట్టారు. దాన్ని మళ్లీ అలంకరించేటప్పుడు పాత రుచికి తగ్గ కొత్త సామాను చేయవలసి వచ్చింది. అదే శతాబ్దం చివర ఐరోపా అంతటా నెపోలియన్ కాలపు పాత సామ్రాజ్య శైలికి మళ్లీ మోజు పెరిగింది. హంసలు, స్ఫింక్సులు, లారెల్ దండలు మళ్లీ వచ్చాయి. అదే ఆకారం 1810లోనూ, 1840లోనూ, 1900లోనూ పుట్టి ఉండవచ్చు. రంగు కాస్త సాయపడుతుంది. కోబాల్టు నీలం, బంగారంతో వచ్చే కెంపు ఎరుపు ఎప్పటినుంచో ఉన్నవే. యురేనియం ఇచ్చే ఆకుపచ్చ పసుపు మాత్రం 1830ల నుంచే ఐరోపాలో వాడుకలోకి వచ్చింది. నల్లదీపం, అంటే అతినీలలోహిత దీపం కింద అది ఆకుపచ్చగా వెలిగిపోతుంది. అలాంటి గాజున్న జాడీని 1805 నాటిదని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంత సందిగ్ధంలో మరలు మౌనంగా నిజం చెబుతాయి. యంత్రాలు ప్రమాణీకరించక ముందు ప్రతి మరనూ, దాని నట్టునూ జతగా చేత్తో కోసేవారు. ఒక జత నట్టు మరో మరకు ఎక్కదు. అందుకే పాత పనివారు గుర్తుకోసం పక్కపక్కన చిన్న గాట్లో, చుక్కలో, రోమన్ అంకెలో పెట్టేవారు. జాడీ అడుగున నట్లన్నీ ఒకదానికొకటి మార్చుకోగలిగేలా, పళ్లు అన్నీ ఒకే దూరంలో ఉంటే అవి చేత్తో కోసినవి కావు. తరువాత కాలపు యంత్రం పనే. ఎవరో పాత మరలు పోయి కొత్తవి వేశారనుకోవచ్చు. కానీ గాజు కొత్తగా, కంచు కొత్తగా, మరలు కూడా కొత్తగా ఉన్నప్పుడు మూడు సందేహాలు కలిసి ఒక నిర్ధారణ అవుతాయి.

మధ్యలో నిలువు ఊచను ఇనుముతో చేసిన జాడీల్లో పెద్ద ప్రమాదం పొంచి ఉంటుంది. ఇనుము తుప్పు పడితే దాని పరిమాణం పెరుగుతుంది. ఎన్నో దశాబ్దాలపాటు తేమ తగిలి ఉబ్బిన ఊచ, చుట్టూ ఉన్న గాజు కాడను లోపలినుంచి నెట్టి నిలువునా చీలుస్తుంది. బయట ఎవరూ తాకకుండానే జాడీ పగిలిందని చెప్పే కథల్లో దయ్యం ఉండదు, తుప్పు ఉంటుంది. పూలజాడీ అనే పేరుకు మోసపోయి ఇందులో నీళ్లు పోసి పూలు పెట్టడం ఈ కారణంగానే తప్పు. వీటిలో చాలావాటి పని పూలు మోయడం కాదు, కొవ్వొత్తుల వెలుగును మోయడం. అలాగే మలామును మెరిపించాలని ఇత్తడి పాలిషుతో రుద్దితే రెండు శతాబ్దాల బంగారం గుడ్డమీదికి వచ్చేస్తుంది. మసక భాగాలు పోయి అంతా ఒకే మెరుపు అయితే, అది శుభ్రం కావడం కాదు, పాడవడం.

గాజు మరమ్మతులో ఇంకో మర్మం ఉంది. మూతి అంచు పెచ్చులూడిన జాడీని మరమ్మతుదారు మళ్లీ సాన పట్టి, అంచును కొన్ని మిల్లీమీటర్లు కిందికి దించుతాడు. కొత్త అంచు మచ్చలేకుండా మెరుస్తుంది. కానీ పైవరుస పలకలు కిందివరుసల కన్నా పొట్టిగా, నరికినట్టు మిగులుతాయి. కంచు మూతిపట్టీ దాన్ని కప్పగలిగితే ఇంక ఎవరికీ తెలియదు, పట్టీ తీసి చూసినవారికి తప్ప.

ఈ వస్తువులు రష్యా దాటి ఎలా వచ్చాయన్నది చివరి ముడి. 1917 విప్లవం తరువాత ప్రాసాదాలు రాజ్యం చేతికి వచ్చాయి. 1920ల చివర, 1930ల మొదట్లో విదేశీ మారకం కోసం సోవియట్ ప్రభుత్వం యాంటిక్వారియాట్ అనే సంస్థ ద్వారా ప్రాసాదాల సంపదను పశ్చిమ దేశాలకు అమ్మింది. అలా వచ్చిన నిజమైన వాటిమీద పాత ప్రాసాదాల జాబితా అంకెలు రంగుతో రాసో, కాగితపు చీటీగా అంటించో ఉండవచ్చు. ఆ అంకెలను ప్రాసాదపు జాబితాలతో పోల్చగలిగితే అంతకు మించిన ఆధారం లేదు. కానీ ప్రాసాదం నుంచి వచ్చిందని నోటిమాటగా చెప్పుకునే కథలకూ ఆ అమ్మకాలే నీడనిచ్చాయి. అంకెను కొత్తగా రాయడానికి ఒక కుంచె చాలు. అందుకే ఆ అంకె రంగు, కింద ఉన్న మలాము అరిగిన చోటు మీదుగా పోతోందా, లేక అరుగుదలే అంకెను కూడా అరగదీసిందా అని చూడాలి. మొదటిదైతే రాత కొత్తది.

నేడు ఈ జాడీలు అమ్మకానికి వచ్చినప్పుడు చూపించే చిత్రాలు దాదాపు ఎప్పుడూ ముందువైపువే, మంచి దీపం వెలుగులో తీసినవే. కొనేవారు గాని, కేవలం ఉత్సుకతతో చూసేవారు గాని అడగవలసినవి మరి నాలుగు: జాడీని తలకిందులు చేసినప్పటి అడుగు, విప్పదీసిన పట్టీ వెనకభాగం, నట్ల దగ్గరి చిత్రం, గాజు ముక్కలు కలిసే చోట నింపిన పదార్థం. ఆ నాలుగూ ఇవ్వగలిగిన అమ్మకందారుకు అందులో ఏముందో తెలుసు. విప్పడం కుదరదు అనేవారిలో కొందరు నిజంగానే గాజు పగులుతుందని భయపడతారు, ఆ భయం సహేతుకమే. అలాంటప్పుడు పీట కిందినుంచి సన్నని అద్దం, టార్చిలైటు పెట్టి చూస్తే ఊచ చివర, దాని నట్టు, చుట్టూ గడ్డకట్టిన పాత సున్నం కనబడతాయి.